నెట్‌వర్క్ అని దేన్ని అంటున్నాం?

అందరికీ నమస్కారం.

ఫోన్‌లో మాట తెగిపోతే నెట్‌వర్క్ లేదంటాం. ఉద్యోగం చిటికెలో దొరికినవాణ్ణి చూసి వాడికి నెట్‌వర్క్ ఉందంటాం. కరెంటు లైన్లు, రైలు మార్గాలు, మెదడులో నాడీకణాలు, ఆఖరికి దొంగల ముఠా, అన్నీ నెట్‌వర్కులే. వీటన్నిటి గురించీ ఒకే రకం ప్రశ్న అడగొచ్చు: దేనికి దేనితో లింకు ఉంది?

ఆ ప్రశ్నను 1736 నాటికే సూటిగా పట్టుకున్నాడు ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో నది మీద 7 వంతెనలుండేవి. ఏ వంతెననూ రెండోసారి ఎక్కకుండా అన్నీ దాటి రావచ్చా? ఆయన వీధులనూ దూరాలనూ పక్కన పెట్టేశాడు. నాలుగు నేల ముక్కలు, ఒక్కోదాన్ని తాకే వంతెనలెన్ని, అంతే చూశాడు. ఒకదానికి 5, మిగతావాటికి మూడేసి. ఒక చోటికి వచ్చి వెళ్ళిపోవాలంటే రెండు వంతెనలు ఖర్చవుతాయి. బేసి లెక్క నడక మొదలైన చోటా ఆగిన చోటా తప్ప కుదరదు. ఇక్కడ నాలుగూ బేసే! కాబట్టి అసాధ్యం. ఊరు చూడకుండానే తేల్చేయొచ్చన్నమాట.

మనుషుల దగ్గరికొస్తే, 1973లో గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చిత్రమైన సంగతి రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగితే, కబురు చెప్పింది ఎక్కువగా ప్రాణస్నేహితులు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకీ ముందే తెలిసి ఉంటుంది కదా. విజిటింగ్ కార్డులు పంచుకునే సభలంటే నాకు పడదు గానీ, ఈ లెక్క మాత్రం కొట్టిపారేయలేను.

లింకులు ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం అనుకోకండి. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో హైటెన్షన్ లైన్లు లోడు పెరిగి, వేడెక్కి సాగి, చెట్లకు తగిలి ట్రిప్పయ్యాయి. కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ అప్పటికే పనిచేయడం లేదు. ఒక లైను మోయాల్సింది పక్క లైను మీద పడింది. అదీ తట్టుకోలేక ట్రిప్పయింది. అలా అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్లమందికి కరెంటు పోయింది. అంత గోలలోనూ నయాగరా జలవిద్యుత్ కేంద్రం చుట్టూ కొంత భాగం మిగతా గ్రిడ్ నుంచి విడిపోయి వెలుగుతూనే ఉంది. ఆ తర్వాత న్యూయార్క్, ఒంటారియోలకు కరెంటు మళ్ళీ ఇవ్వడం అక్కణ్ణుంచే మొదలుపెట్టారు.