ఒక రూపాయికి ఎన్ని ఇంటిపేర్లు? నాణేల సేకరణలో ప్రత్యేక విభాగం, మిగిలిన సెట్ల సంగతి

నమస్కారం. నాణేల సేకరణ గురించి నేను ఎక్కడ మాట్లాడినా చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నీ కాకుండా నాణేల్లో ఏదో ఒక విభాగాన్నే పట్టుకోమంటున్నారు, బాగానే ఉంది. మరి ఇన్నేళ్ళుగా కూడబెట్టిన మిగతావన్నీ అమ్మేయమంటారా?" అని అడుగుతారు. ప్రత్యేక విభాగం అంటే ఒక తలుపు తెరిచి మిగిలిన తలుపులన్నీ మూసేయడమనే ఈ అపోహ నన్ను చాలా కాలంగా చికాకు పెడుతోంది. దీనికి తోబుట్టువు లాంటి అపోహ మరొకటి ఉంది. అది ఏ నాణేనికి ఎక్కువ ధర పలుకుతుందో దాన్నే విభాగంగా ఎంచుకోవాలనే ఆలోచన. నా ఉద్దేశంలో అది సేకరణ కానే కాదు, సరుకు నిల్వ చేసుకోవడం. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ పనికి ఈ వీడియో ఉపయోగపడదు.

(తెరపై: అరచేతిలో చార్మినార్ రూపాయి, రెండు వైపులా)

ఇది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి రూపాయి. దీన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ రోజు మనం చెప్పుకునేదంతా ఈ ఒక్క నాణెం చుట్టూనే తిరుగుతుంది. మన వైపు కొత్త మనిషి ఎదురైతే మొదట అడిగేది ఇంటిపేరే కదా! పేరు తెలిసినా ఇంటిపేరు తెలిసే వరకు ఆ మనిషి ఎవరి తాలూకో మనకు అర్థం కాదు. నాణేనికి ఉన్న చిక్కల్లా ఏమిటంటే, దానికి ఒకే ఇంటిపేరు ఉండదు. ఈ రూపాయి ఉస్మాన్ అలీ ఖాన్ ఇంటిది, దాన్ని తయారుచేసిన హైదరాబాదు టంకశాల ఇంటిది, వెండి ఇంటిది, రూపాయి అనే విలువ ఇంటిది, కట్టడాల బొమ్మలున్న నాణేల ఇంటిది కూడా. ఈ ఇంటిపేర్లలో దేని వంశవృక్షాన్ని మీరు గీయదలచుకున్నారో తేల్చుకోవడమే విభాగాన్ని ఎంచుకోవడం.

పాలకుడి ఇంటిపేరు పట్టుకున్నారని అనుకుందాం. అప్పుడు మీ కళ్ళు మొదట నాణెం మీది చార్మినార్ ద్వారంలోకి వెళ్తాయి. అక్కడ పాలకుడి పేరులోని మొదటి అరబ్బీ అక్షరం ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అది 'మీమ్'. హిజ్రీ 1329లో, అంటే మన లెక్కలో 1911లో, ఆయన మరణించి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తరువాత అది 'ఐన్' అయింది. తొలి నాణేలపై ఆ ఐన్ పొట్టిగా, సగమే రాసినట్లు ఉంటుంది, తరువాతి వాటిపై నిండుగా ఉంటుంది. ఆ పొట్టి ఐన్ కోసం భూతద్దం పట్టుకొని గంటల తరబడి కూర్చోగలిగితే ఈ ఇంటిపేరు మీకు నప్పినట్లే. అయితే ఈ వంశంలో ధనిక శాఖ ఒకటి ఉంది, అది బంగారు అష్రఫీలు. పాలకుడి పేరు మీద సేకరిస్తూ అష్రఫీ లేకుండా సెట్టు పూర్తయిందని చెప్పుకోవడం కష్టం, జీతం మీద బతికేవారు అష్రఫీ కొనడం ఇంకా కష్టం. కనుక నాకు తెలిసినవారు "ఉస్మాన్ అలీ ఖాన్ వెండి నాణేలు, రెండణాల నుంచి రూపాయి వరకు" అని ముందే గిరి గీసుకుంటారు. ఆ గిరి గీసుకోవడం కక్కుర్తి కాదు, తెలివి.

టంకశాల ఇంటిపేరు పట్టుకున్నవారి ప్రయాణం వేరుగా ఉంటుంది. సైఫాబాదులో 1903లో ఏర్పడిన టంకశాలే ఇండియన్ యూనియన్‌లో హైదరాబాదు కలిసిన తరువాత భారత ప్రభుత్వానిదైంది, 1997లో చర్లపల్లికి మారింది. అందువల్ల చార్మినార్ రూపాయికి మీ జేబులోని చిల్లర బంధువే అవుతుంది. సంవత్సరం కింద ఈ టంకశాల గుర్తైన అయిదు కోణాల నక్షత్రం ఉన్న నాణెం దాదాపు మనింటి పిల్లే. నిజాం కాలపు వెండితో మొదలైన సేకరణ, కూరగాయల బండి దగ్గర తిరిగి వచ్చిన రెండు రూపాయల బిళ్ళ దగ్గర ఆగడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. దీనికి ఖర్చు కూడా తక్కువ.

విలువ ఇంటిపేరు పట్టుకుంటే పదహారవ శతాబ్దపు షేర్ షా వెండి రూపాయి నుంచి 1947 నాటి నికెల్ రూపాయి మీదుగా 1992లో మొదలైన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి దాకా ఒకే దారి. కట్టడాల ఇంటిపేరు పట్టుకుంటే చార్మినార్ పక్కన ఇటలీ అయిదు సెంట్ల మీది కొలోసియం, జర్మనీ యాభై సెంట్ల మీది బ్రాండెన్‌బర్గ్ ద్వారం వచ్చి కూర్చుంటాయి. పండితులు ఈ దారిని చిన్నచూపు చూస్తారు గానీ, పిల్లలు ఈ దారిలోనే నాణేల్లోకి వస్తారు.

ఇక నేల ఇంటిపేరు ఉంది. నాకు దీని మీద మోజు ఎక్కువ కనుక కొంచెం ఆగుతాను. తెలంగాణ నేల మీద చెలామణీ అయినవన్నీ నావే అనుకున్నవారు కోటిలింగాల దాకా వెళ్ళక తప్పదు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో గోబద, నారన, సమగోప వంటి శాతవాహన పూర్వ పాలకుల నాణేలతో పాటు శాతవాహన వంశ స్థాపకుడిగా చెప్పే చిముక నాణేలు కూడా దొరికాయి. ఇక్కడ మన ఇంటిపేరు పోలికను ఇంకొంచెం సాగదీయవచ్చు. నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడు కొట్టించినవే. అయితే వాటిలో ఎక్కువ భాగంపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. కింద నహపానుడి ముఖం లీలగా కనిపిస్తూనే ఉంటుంది. అంటే ఆ నాణెం దత్తత వెళ్ళింది, పుట్టింటి పోలికలు పోకపోయినా ఇంటిపేరు మారింది. దాన్ని ఏ ఆల్బమ్‌లో పెడతారు? నహపానుడి వారు, శాతవాహనుల వారు ఇద్దరూ మాదేనంటారు, ఇద్దరి మాటా న్యాయమే. నాణేనికి స్థానం నిర్ణయించేది మీరు అడుగుతున్న ప్రశ్నేనని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

వృత్తికీ విభాగానికీ సంబంధం ఉండాలని కొందరు భావిస్తారు. శాతవాహన నాణేలపై విశేషంగా కృషి చేసిన డాక్టర్ డి. రాజారెడ్డి వృత్తిరీత్యా న్యూరోసర్జన్, నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసినవారు. ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

మరి మీ ఇంటిపేరు ఏదో తెలుసుకునేదెలా? ఒక నెలపాటు కొనడం మానేసి, మీ దగ్గర ఉన్నవాటిలో దేన్ని పదేపదే బయటికి తీస్తున్నారో, తీసినప్పుడు ఏ వైపు తిప్పి ఏమి వెతుకుతున్నారో చీటీ మీద రాసుకోండి. సంవత్సరం చూస్తున్నారా, టంకశాల గుర్తు చూస్తున్నారా, తూకం వేస్తున్నారా? నేను పదేళ్ళపాటు "మొఘల్ నాణేలు సేకరిస్తాను" అని అందరితో చెప్పుకుంటూ తిరిగాను, కానీ రాత్రిపూట తీసి చూసుకున్నది మాత్రం నలుచదరపు నిజాం అణాలనే. నా చీటీలు చూసి మా ఆవిడే ముందుగా ఆ సంగతి కనిపెట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇంటిపేరు తేలింది, మరి మిగిలిన నాణేలు ఏమి కావాలి? అవి చుట్టాలు. ఇంటిపేరు వేరైనంత మాత్రాన చుట్టాలను ఎవరూ వెళ్ళగొట్టరు, అలాగని అందరినీ ఏడాది పొడవునా ఇంట్లోనే ఉంచుకోరు. ఎవరి వరస ఏమిటో తేల్చుకుంటే చాలు.

అన్నిటికంటే దగ్గరి వరస సాక్షి నాణేలది. మళ్ళీ మన చార్మినార్ రూపాయినే తీసుకుందాం. దాని పక్కన ఐదవ జార్జి బొమ్మ ఉన్న బ్రిటిష్ ఇండియా రూపాయి పెడుతున్నాను. మన పెద్దవాళ్ళు కల్దార్ అని పిలిచినది దీన్నే.

(తెరపై: రెండు రూపాయలు పక్కపక్కన, కింద తూకాలు)

కల్దార్ తూకం 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. హాలీ రూపాయి, అంటే మన చార్మినార్ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. లెక్క వేస్తే కల్దార్‌లో అసలు వెండి సుమారు 10.69 గ్రాములు, హాలీలో సుమారు 9.14 గ్రాములు. ఇప్పుడు మొదటిదాన్ని ఆరుతోనూ రెండవదాన్ని ఏడుతోనూ గుణించండి. రెండూ 64 గ్రాముల దగ్గరే ఆగుతాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు అని పాతబస్తీ ముసలివాళ్ళు చెప్పే మారకపు లెక్క మన త్రాసు మీద కనిపించింది! నా విభాగం బ్రిటిష్ ఇండియా కాదు. అయినా ఆ ఒక్క కల్దార్ లేకపోతే నా విభాగంలోని నాణెం సగం మూగదే. మీ పాత సెట్లలో ఇలాంటి సాక్షులు ఎన్ని ఉన్నాయో వెతకకుండా ఆ సెట్టును మొత్తంగా అమ్మేస్తే, రెండేళ్ళ తరువాత అదే నాణేన్ని ఎక్కువ ధరకు మళ్ళీ కొంటారు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఆ తరువాతి వరస, హద్దు ఉన్న సెట్లది. నయా పైసల సెట్టు దీనికి మంచి ఉదాహరణ. దశాంశ పద్ధతి 1957 ఏప్రిల్ 1న వచ్చింది, 1964 జూన్‌లో 'నయా' అనే మాట పోయింది. ఒకటి, రెండు, అయిదు, పది, ఇరవై అయిదు, యాభై పైసలు, కొన్నే సంవత్సరాలు, మూడే టంకశాలలు. ఇటువంటి సెట్టును సగంలో వదిలేసి విభాగం మార్చడం కంటే, ఖాళీలెన్నో లెక్కపెట్టి, ఒక ఏడాది గడువు పెట్టుకొని, పూర్తి చేసి, పెట్టె మూసేయడం మేలు. అది పెళ్ళి చేసి అత్తవారింటికి పంపిన ఆడపడుచు లాంటిది, పండక్కి వస్తుంది, సంతోషంగా చూస్తాం, కానీ నెలనెలా ఖర్చు ఉండదు. స్మారక నాణేల సెట్టు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1964లో నెహ్రూ బొమ్మతో మొదలై ఏటా కొత్తవి వస్తూనే ఉన్నాయి కనుక దానికి ముగింపు లేదు. అదే మీ విభాగమైతే సరే, పక్క సెట్టుగా మాత్రం అది మీ డబ్బంతా తినేస్తుంది. ఏదో ఒక సంవత్సరం దగ్గర గీత గీసి అక్కడితో ఆపండి.

సమయం అయిపోవస్తోంది, మిగిలిన వరసలు త్వరగా చెబుతాను. నాయనమ్మ కొంగు ముడిలో ఉన్న 1943 నాటి చిల్లు కాణీకి విభాగంతో పని లేదు, దాన్ని ఎవరు ఇచ్చారో రాసిన చీటీతో కలిపి విడిగా ఉంచండి. డూప్లికేట్లు మీ మారకపు సొమ్ము, బాగున్నదాన్ని ఉంచుకొని రెండవదాన్ని మీకు కావలసిన నాణెం ఉన్నవారికి ఇవ్వండి. హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లో కిలో లెక్కన కొన్న విదేశీ నాణేలు ఎన్నటికీ సెట్టు కావు, వీధి పిల్లలకు పంచండి. నేను అలా పంచిన వాటిలో ఒక పిల్లవాడు కంబోడియా నాణెం మీది ఆంగ్‌కోర్ వాట్ బొమ్మను గుర్తుపట్టాడు, వాడికి చార్మినార్ అణా ఒకటి కానుకగా వెళ్ళింది.

అమ్మేటప్పుడు జాగ్రత్త. పాత నాణేలు లక్షలకు కొంటామంటూ తన పేరూ చిహ్నమూ వాడుకొని కొందరు ముందుగా రుసుములు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పొలంలో దొరికిన పాత నాణేల విషయంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది, కలెక్టరుకు తెలియజేయకుండా అమ్మడం, కొనడం రెండూ చిక్కే. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం మరొక చట్టం కిందికి వస్తుంది.

భద్రపరచడం గురించి రెండే మాటలు. రాగి నాణేన్ని చింతపండుతో తోమకండి, తోమిన నాణెం మెరుస్తుంది గానీ తెలిసినవాడు సగం ధర కూడా ఇవ్వడు. మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లలో ఉంచితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. శాతవాహన సీసపు నాణేలను చెక్క బీరువాలో పెట్టకండి, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. పక్క సెట్లు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే, ఎందుకంటే వాటి పెట్టెలను ఎవరూ తెరిచి చూడరు. నేను ప్రతి సంక్రాంతికీ, దసరాకూ అన్ని పెట్టెలూ తెరుస్తాను.

మీ నాణేల వివరాల పుస్తకంలో ఏమేమి రాసుకోవాలో ఈ రోజు చెప్పలేకపోయాను. ఎప్పుడు కొన్నాం, ఎంతకు, ఎవరి దగ్గర, తూకం ఎంత, ఈ నాలుగూ రాస్తే ప్రస్తుతానికి సరిపోతుంది. నకిలీ చార్మినార్ రూపాయలను త్రాసు మీద పట్టుకోవడం గురించి వచ్చే వీడియోలో చూద్దాం. అప్పటికి మీ దగ్గర 0.01 గ్రాము వరకు చూపించే చిన్న త్రాసు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.