తిరగని మోటార్

శ్రోతలకు నమస్కారం. డిప్లొమా మొదటి ఏడాదిలో నాకు ఎదురైన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. చేతిలో 9 వోల్టుల బ్యాటరీ ఉంది, నాకు అందులో సగం కావాలి. కరెంట్‌ని అడ్డుకునే రెసిస్టర్లు రెండు, సమానమైనవి, వరసగా కలిపితే మధ్యలో సగం వోల్టేజ్ వస్తుందని, దాన్నే వోల్టేజ్ డివైడర్ అంటారని నోటికి వచ్చు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టి మీటర్‌తో చూస్తే 4.5 వోల్టులు. చాలా సంతోషం వేసింది. బొమ్మ కారులోంచి తీసిన చిన్న మోటార్‌ని అక్కడ కలిపాను. అది తిరగలేదు సరే, మీటర్ కూడా దాదాపు సున్నాకి పడిపోయింది. మోటార్ పాడైందనుకుని ఇంకొకటి తెచ్చాను, అదీ అంతే. రెసిస్టర్లు మార్చాను, బ్యాటరీ మార్చాను. సూత్రం మాత్రం ఎన్నిసార్లు వేసినా 4.5 అనే చెబుతోంది.

దీనికి జవాబు నాకు ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ మొదటి అధ్యాయంలో దొరికింది. పాల్ హోరోవిట్జ్, విన్‌ఫీల్డ్ హిల్ రాసిన పుస్తకం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో నడిచిన కోర్సులోంచి పుట్టింది. మొదటి కూర్పు 1980లో, రెండోది 1989లో, మూడోది 2015లో వచ్చాయి. మూడోది వెయ్యి పేజీలు దాటింది కాబట్టి బల్ల మీద పెట్టుకునే చదవాలి.

అక్కడ అర్థమైంది ఇది. నా డివైడర్‌ని బయటి నుంచి చూస్తే అది 4.5 వోల్టుల బ్యాటరీ, దాని లోపల ఎవరికీ కనిపించని 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్. దానికి 10 కిలో ఓమ్‌ల లోడ్, అంటే దాన్నుంచి కరెంట్ తీసుకునేది, కలిపితే 4.5 కాస్తా 3 వోల్టులు అవుతుంది. 100 కిలో ఓమ్‌లు కలిపితే 4.3 దగ్గర నిలబడుతుంది. మోటార్‌కేమో వందల మిల్లీ ఆంపియర్లు కావాలి, డివైడర్‌లోని ఆ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా బ్యాటరీ మొత్తం తోసినా ఒక మిల్లీ ఆంపియర్ కూడా రాదు, ఇంకెక్కడ తిరుగుతుంది! ఇలా సర్క్యూట్‌ని ఒక బ్యాటరీ, ఒక రెసిస్టర్‌గా చూడొచ్చనేదాన్నే థెవెనిన్ సిద్ధాంతం అంటారు, అది మా సిలబస్‌లోనూ ఉంది, పరీక్షలో లెక్క చేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ లెక్కకీ నా బల్ల మీద తిరగకుండా పడున్న మోటార్‌కీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు.

నా దృష్టిలో ఈ పుస్తకం నేర్పేది ముఖ్యంగా ఇదే. ప్రతి సర్క్యూట్ దగ్గరా ఆగి, దీనికి ముందు ఏముంది, తర్వాత ఏముంది, తర్వాతది దీన్నుంచి ఎంత కరెంట్ లాగుతుంది అని అడగడం. తర్వాతి దాని ఇన్‌పుట్ నిరోధం ముందుదాని అవుట్‌పుట్ నిరోధానికి, అంటే నా డివైడర్‌లో కనిపించని ఆ 5 కిలో ఓమ్‌ల లాంటిదానికి, కనీసం పది రెట్లు ఉండేలా చూసుకో, చాలా చోట్ల గట్టెక్కుతావు అంటుంది. ఇంత సూటి మాట నాకు క్లాసులో వినపడలేదు.

ట్రాన్సిస్టర్ దగ్గరా ఇదే తీరు. దానికి బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్లు, బేస్‌లోకి పోయే చిన్న కరెంట్ కలెక్టర్‌లోని పెద్ద కరెంట్‌ని నడిపిస్తుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా బీసీ 547 అనే ట్రాన్సిస్టర్ దొరుకుతుంది. దాని వివరాల పత్రంలో, అంటే డేటా షీట్‌లో, బీటా, అంటే బేస్ కరెంట్‌కి కలెక్టర్ కరెంట్ ఎన్ని రెట్లో చెప్పే కరెంట్ గెయిన్, 110 నుంచి 800 దాకా ఉండొచ్చని రాసి ఉంటుంది. మేమేమో పరీక్షలో బీటా 100 అనుకుని లెక్కలు చేసేవాళ్లం. బీటా ఫలానా ఇంతే ఉండాలి అని కూర్చునే సర్క్యూట్ చెడ్డ సర్క్యూట్ అని ఈ పుస్తకం మొహమాటం లేకుండా చెబుతుంది. మరి ఏం చేయాలి? బేస్ దగ్గర 1.6 వోల్టులు పెట్టండి, ఎమిటర్ దానికంటే 0.6 తక్కువగా, అంటే ఒక వోల్టు దగ్గర ఉంటుంది. ఎమిటర్ కింద ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే ఒక మిల్లీ ఆంపియర్ పారుతుంది. బీటా 110 అయినా 800 అయినా కలెక్టర్ కరెంట్‌లో తేడా ఒక శాతం కూడా రాదు. ఆ 1.6 వోల్టులు ఇచ్చేది మళ్లీ మన డివైడరే, అక్కడ పాత ప్రశ్న మళ్లీ వస్తుంది: బేస్ ఎంత లాగుతుంది?

ట్రాన్సిస్టర్ లోపల ఒక చిన్న మనిషి కూర్చుని బేస్ కరెంట్‌ని చూస్తూ కలెక్టర్ కరెంట్‌ని సరిచేస్తున్నట్టు ఈ పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. కొన్ని పేజీలు దాటాక ఆ బొమ్మ చాలదని వాళ్లే చెప్పి, బేస్ ఎమిటర్ మధ్య వోల్టేజ్ 60 మిల్లీ వోల్టులు పెరిగితే కరెంట్ పది రెట్లవుతుందనే లోతైన లెక్కలోకి తీసుకెళతారు. ముందు సులువైన మాట, అవసరం వచ్చినప్పుడు అసలు మాట. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. రెండో కూర్పులో అధ్యాయాల చివర మంచి సర్క్యూట్లతో పాటు చెడ్డ సర్క్యూట్ల బొమ్మలు కూడా ఉంటాయి, అవి ఎందుకు పనిచేయవో మనమే కనిపెట్టాలి. నేను ఒక్కోదాని మీద ఒక్కో సాయంత్రం కూర్చున్నాను.

పరీక్షకి నాలుగు రోజుల ముందు తెరిచే పుస్తకం కాదిది, ఆ టెన్షన్‌లో దీన్ని ముట్టుకోకండి. మొదటి, రెండో అధ్యాయాలు, ఆ తర్వాత ఆప్ ఆంప్, అంటే ఆపరేషనల్ యాంప్లిఫయర్ అనే చిప్పు గురించిన నాలుగోది, తీగలు గుచ్చి సర్క్యూట్లు కట్టుకునే బ్రెడ్‌బోర్డ్ పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదవండి. రెండో కూర్పు దొరికినా పర్వాలేదు, అందులోని చిప్పులు కొన్ని మారిపోయాయి గానీ ఈ మూడు అధ్యాయాల్లోని ఆలోచన అలాగే ఉంది.

వీలుంటే ఈ రాత్రికి ఒక పని చేయండి. అదే 9 వోల్టుల బ్యాటరీకి ఈసారి 10 లక్షల ఓమ్‌ల రెసిస్టర్లు, అంటే ఒక మెగా ఓమ్‌వి, రెండు కలిపి, వేరే లోడ్ ఏమీ పెట్టకుండా, మధ్యలో మీటర్ పెట్టండి. 4.5 రాదు. కాస్త మంచి మీటర్ అయితే 4.3 చూపిస్తుంది, చవకగా దొరికే పసుపు రంగు మీటర్లలో చాలావాటికి 3 దగ్గర ఆగిపోతుంది. మీటర్ తీసేయగానే అక్కడ మళ్లీ 4.5 ఉంటుంది. మీ మీటర్ ఎంత చూపించిందో చూసి, దాని లోపల ఎన్ని ఓమ్‌లు ఉన్నాయో కాగితం మీద లెక్క కట్టండి.