నాగలి పక్కన పరిగెత్తే మృత్యువు

మిత్రులకు నమస్కారం.

తెర మీద ఇంత పెద్దగా కనిపిస్తున్న ఈ రైతు బొమ్మ అసలు ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఐదు. అరచేతిలో ఇమిడిపోతుంది. 1520లలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఉంటూ జర్మన్ చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ గీసిన ‘మృత్యు నృత్యం’ వరుసలోది ఇది.

ఆ ఊళ్లో ఈ కథ అప్పటికే పాతది. డొమినికన్ క్రైస్తవ సన్యాసుల మఠం శ్మశానం గోడ మీద అస్థిపంజరాలు పోప్‌నూ చక్రవర్తినీ రైతునూ వరుసగా ఆడిస్తూ తీసుకుపోతున్న చిత్రం ఉండేది. చావు ముందు అందరూ ఒకటేనని దాని సందేశం. హోల్బైన్ ఆ వరుసను విడగొట్టి, ఒక్కొక్కరి ఇంటికీ పని దగ్గరికీ మృత్యువును విడివిడిగా పంపాడు. ఆయన గొప్పతనం అక్కడే ఉందని నా నమ్మకం.

న్యాయమూర్తి బీదవాడి ముందే డబ్బున్నవాడి దగ్గర లంచం పుచ్చుకుంటుంటే, వెనకనుంచి మృత్యువు అతని అధికార దండాన్ని విరిచేస్తుంది. సన్యాసిని ప్రార్థన మధ్యలో తల తిప్పి, వీణలాంటి వాద్యం మీటుతున్న ప్రియుణ్ణి చూస్తుంటే పక్కన మృత్యువు దీపం ఆర్పేస్తుంది. ఇక్కడ కోపం ఉంది, తీర్పు ఉంది.

మరి రైతు? చిరుగుల బట్టలతో ఒక ముసలాయన నాగలి పట్టుకున్నాడు. మృత్యువు గుర్రాల పక్కన పరిగెత్తుతూ వాటిని అదిలిస్తోంది, నాగటి చాలు త్వరగా ముగించడానికి సాయం వచ్చినట్టు. దూరాన చర్చి వెనక సూర్యుడు. మొత్తం వరుసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కానీ ఆ జాలి అందరికీ దక్కదు. పాడుబడ్డ గుడిసెలో తల్లి వంట చేస్తుండగా చిన్నపిల్లవాణ్ణి మృత్యువు చెయ్యి పట్టి తీసుకెళ్లే బొమ్మలో ఏ ఓదార్పూ లేదు. అది చూడటం నాకిప్పటికీ కష్టమే.

ఈ బొమ్మలు ఉడ్‌కట్‌లు, అంటే చెక్క దిమ్మ మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసినవి. ఉడ్‌కట్‌లో గీత మిగలాలంటే దాని చుట్టూ ఉన్న కొయ్యనంతా తీసెయ్యాలి. కత్తి జారితే గీత పోయినట్టే. హోల్బైన్ గీసినదాన్ని చెక్కి, ఇంత చిన్న చెక్క మీద ఆ సూర్యకిరణాలను నిలబెట్టినవాడు హాన్స్ లుట్జెల్‌బర్గర్. ఆయన 1526లో చనిపోయాడు. ఆ దిమ్మలతో 1538లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 41 బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో హోల్బైన్ పేరు ఎక్కడా వెయ్యలేదు. చెక్కినవాడి పేరులోని రెండు తొలి అక్షరాలు మాత్రం దొరసాని బొమ్మలో మంచం మీద ఉన్నాయి. ఆ స్లయిడ్ ఇప్పుడు వేస్తున్నాను, వెతికి పట్టుకోండి.