గిన్నెను నీళ్లు పోసి ఎత్తి చూడండి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని వంటింట్లోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. పోయిన వారం ఇద్దరం బేగంబజార్ వెళ్లి కొత్త గిన్నెలు కొన్నాం. ఎందుకో పిన్నీ, నువ్వే చెప్పు.

పిన్ని: గంజి వల్లమ్మా. నాకు ఇప్పటికీ అన్నం వార్చుకుని తినడమే అలవాటు. రెండేళ్లుగా మణికట్టు నొప్పి. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. సంక్రాంతికి అందరూ వచ్చారు కదా, పెద్ద తపేలాలో వండాను. వారుస్తుంటే మసిగుడ్డలోంచి అంచు జారింది. గంజి బండ మీద పడింది. రెండడుగుల దూరంలో మనవరాలు నిలబడి ఉంది.

హోస్ట్: ఆ రాత్రి ఫోన్‌లో ఏడ్చావు.

పిన్ని: భయమేసింది మరి. ఆ తపేలా పెళ్లికి మా అమ్మ పెట్టింది. అది ఎత్తడం నా వల్ల కావట్లేదని ఒప్పుకోవడానికే చాలా రోజులు పట్టింది.

హోస్ట్: తూచి చూస్తే ఖాళీ తపేలాయే 2 కిలోల 300 గ్రాములు. లీటరు నీళ్లంటే కిలో. బియ్యం, ఎసరు కలిపి ఇంకో మూడు కిలోలు వేసుకోండి. ఐదు కిలోల పైన బరువు, అదీ సెగలు కక్కుతూ. దాన్ని పట్టుకుని మణికట్టు వంచాలి. నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

పిన్ని: మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి అక్కడ ఆటో ఎక్కాం. బేగంబజార్‌లో స్టీలు సామాను చాలావరకు తూకానికి అమ్ముతారు కాబట్టి కొట్లో కాటా ఉంటుంది. నచ్చిన ప్రతి గిన్నెనూ ముందు కాటా మీద పెట్టించాం.

హోస్ట్: నీళ్లు కూడా పోయించావు.

పిన్ని: ఖాళీ గిన్నె ఏదైనా తేలిగ్గానే ఉంటుంది కదా! మొదటి కొట్లో విసుక్కున్నారు. రెండో కొట్టు పెద్దాయన తనే బకెట్టు తెప్పించాడు. వాళ్లింట్లో ఆవిడకూ ఇదే బాధట. సగం దాకా నీళ్లు పోసి, ఎత్తి, కొంచెం వంచి చూశాను. ఒకే పొడవాటి పిడి ఉన్నవి అప్పుడే పక్కన పెట్టేశాను. బరువంతా ఒక్క మణికట్టు మీదే పడుతుంది. రెండు పక్కలా పిడులుంటే చెరిసగం. ఆ పిడిలో నాలుగు వేళ్లూ దూరాలి, గుడ్డ పట్టుకున్నా సరే.

హోస్ట్: తేలిక కదా అని మరీ పల్చటి స్టీలు తీసుకుంటే అడుగంటుతుంది. స్టీలు వేడిని సరిగా పంచదు, మంట తగిలిన చోటే మాడుతుంది. అల్యూమినియం దానికన్నా పది రెట్లకు పైగా బాగా పంచుతుంది. అందుకే అడుగున రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పొర ఉన్న గిన్నె తీసుకున్నాం. కిలో 200 గ్రాములు.

పిన్ని: అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని మన వైపు అంటారు చూడు...

హోస్ట్: దాన్ని నమ్ముకోలేం పిన్నీ. నికెల్ ఎక్కువుండే మేలైన 304 రకం స్టీలుకూ అంటుకోదు, నికెల్ తక్కువుండే చవక 202 రకానికీ అంటుకోదు. పైగా ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాలంటే అడుగుకు అయస్కాంతం అంటుకునే తీరాలి.

పిన్ని: అన్నిటికన్నా నాకు పనికొచ్చింది చిల్లుల గిన్నె. ఇప్పుడు అన్నం గిన్నెను ఎత్తనే ఎత్తను. పక్కనే ఇంకో గిన్నె మీద దీన్ని పెట్టి, చిల్లుల గరిటెతో అన్నం తీసి వేస్తాను. గంజి కిందకు దిగిపోతుంది. పొయ్యి మీద మిగిలింది చల్లారాక వంచుకుంటాను. ఐదు నిమిషాలు ఎక్కువ పడితే పట్టనీ.

హోస్ట్: పళ్లేల దగ్గర మనిద్దరికీ వాదన అయింది. నేను పింగాణీవి, చదునుగా ఉన్నవి చూపించాను.

పిన్ని: అవి చూడ్డానికి బాగుంటాయమ్మా. కానీ వేళ్లు సరిగా ముడవలేని వాళ్లకు అంచు కావాలి. మన స్టీలు కంచానికి నిలువు అంచు ఉంటుంది, అన్నం దానికి ఆనించి ముద్ద చేసుకోవచ్చు. చదును పళ్లెంలో మెతుకులు బయటికి పోతాయి. పప్పుచారు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే కంచాలే కొన్నాను, పాతవాటికన్నా చిన్న సైజువి.

హోస్ట్: కాఫీకి స్టీలు గ్లాసులు మానేసి, చెవి పెద్దగా ఉన్న కప్పులు తీసుకున్నాం. కుక్కర్ ఐదు లీటర్లది బదులు మూడు లీటర్లది, ఐఎస్ఐ గుర్తు చూసి. మూత బిగించి తీయడం నువ్వే పది సార్లు చేసి చూశావు.

పిన్ని: నువ్వు చేస్తే లాభమేముంది, రోజూ తీయాల్సింది నేను కదా.

హోస్ట్: మరి అమ్మమ్మ తపేలా?

పిన్ని: తూకానికి వేయమని కొట్లో అడిగారు. మనసు రాలేదు. బియ్యం పోసి ఆ మూల పెట్టాను. అక్కడైతే ఎత్తే పని లేదు. డబ్బాతో ముంచుకుంటే చాలు.