నాన్న చెప్పని మాట

తమ్ముడు: నమస్తే అండీ. ఇవాళ ఎంవీపీ కాలనీలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీదే మైకు పెట్టుకున్నాం. కిటికీ వేసినా ఆటోల చప్పుడు కాస్త వినిపిస్తుంది, సర్దుకోండి. నా ఎదురుగా ఉన్నది మా అక్క. విశాఖలోనే ఎండోస్కోపీ గదిలో 18 ఏళ్ళుగా నర్సు. పెద్దపేగు క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. నాన్న సంగతితో మొదలుపెట్టనా అక్కా?

అక్క: మొదలుపెట్టు. ఆయన బతికుంటే ఆయనే చెప్పమనేవారు.

తమ్ముడు: నాన్నకి అప్పుడు 52. గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు. దాదాపు ఏడాది పాటు మోషన్‌లో రక్తం పడింది. ఇంట్లో ఎవరికీ తెలీదు.

అక్క: ఇలాంటి జబ్బులు చూడటమే రోజూ నా పని. అయినా నాకూ చెప్పలేదు. కూతురితో ఆ మాట ఎలా అంటాను అనుకున్నారట. ఎవరో చెబితే మొలల క్లినిక్‌కి వెళ్ళారు. అక్కడ పరీక్ష ఏమీ చేయకుండానే ఆయింట్‌మెంట్ రాసి, కారం మానేయమన్నారు. నాన్న ఆవకాయ మానేశారు. రక్తం కొన్నాళ్ళు ఆగింది. దాంతో తగ్గిపోయిందనుకున్నారు.

తమ్ముడు: ఆగింది కదా, మరి తగ్గినట్టు కాదా?

అక్క: కాదురా. క్యాన్సర్ గడ్డ నుంచి రక్తం రోజూ రావాలని లేదు. ఓ వారం వస్తుంది, నెల రోజులు కనబడదు. పైగా మొలలు నిజంగానే ఉండొచ్చు, వాటికి జానెడు పైన గడ్డ కూడా ఉండొచ్చు. మొలలు కనిపించాయి కాబట్టి ఇంకేమీ లేదనుకోవడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. కనీసం డాక్టర్ గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేసినా, కింది భాగంలో ఉన్న గడ్డలు చాలావరకు చేతికి తగులుతాయి. ఆ ఒక్క నిమిషం పరీక్ష నాన్నకి జరగలేదు. కొలనోస్కోపీ, అంటే సన్నని గొట్టంతో కెమెరా పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అది చేసేసరికి లివర్‌కి పాకేసింది.

తమ్ముడు: (కాసేపు మౌనం) రక్తం ఒక్కటేనా చూసుకోవాల్సింది?

అక్క: ఇంకా ఉన్నాయి. రోజూ ఒకే వేళకి వెళ్ళేవాళ్ళకి ఆ అలవాటు వారాల తరబడి మారిపోవడం, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలినట్టు అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇంకోటి చాలామందికి తెలీదు. కుడివైపు పేగులో గడ్డ ఉంటే రక్తం కంటికి కనబడకుండానే పోతూ ఉంటుంది. మనిషికి నీరసం, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని వస్తుంది. మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ తగ్గితే టాబ్లెట్లతో సరిపెట్టకూడదు. ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి.

తమ్ముడు: ఇవన్నీ లక్షణాలు వచ్చాక సంగతి. నువ్వెప్పుడూ రాకముందు చూడాలంటావు.

అక్క: అవును, ఎందుకంటే ఈ క్యాన్సర్ మనకి టైమ్ ఇస్తుంది. చాలావరకు పాలిప్‌గా మొదలవుతుంది. పేగు లోపలి పొర మీద పుట్టగొడుగులా చిన్నగా మొలుస్తుంది. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేదానికి కూడా సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. ఆ పదేళ్ళలో నొప్పి ఉండదు, ఏమీ తెలీదు. కానీ కెమెరాకి కనబడుతుంది. కొలనోస్కోప్ లోంచే సన్నని తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే కోసి తీసేస్తారు. 1969లో న్యూయార్క్‌లో షిన్యా, వుల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పద్ధతి మొదలుపెట్టారు. అంతకు ముందైతే పొట్ట కోయాల్సి వచ్చేది. ఇప్పుడు పరీక్ష చేస్తూనే జబ్బు రాకుండా ఆపేస్తున్నాం. నాకు ఈ ఉద్యోగం మీద ప్రేమ అందుకే. తీగ బిగిసి పాలిప్ ఊడి వచ్చినప్పుడల్లా నాకు నాన్న గుర్తొస్తారు.

తమ్ముడు: ఏ వయసులో చేయించుకోవాలి?

అక్క: ఇంట్లో ఎవరికీ లేకపోతే, అమెరికాలో 50 నుంచి మొదలుపెట్టమనేవాళ్ళు. 2021లో 45కి దించారు, చిన్న వయసువాళ్ళలో పెరుగుతోందని. మన దేశంలో అక్కడంత ఎక్కువ లేదు. ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు. పెద్దపేగు అందులో లేదు. కాబట్టి మనని ఎవరూ పిలవరు, మనమే వెళ్ళి డాక్టర్‌ని అడగాలి. అమ్మకో నాన్నకో తోడబుట్టినవాళ్ళకో వచ్చి ఉంటే మాత్రం లెక్క వేరు. 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు.

తమ్ముడు: నాన్నకి 52. పది తీసేస్తే 42. దానికంటే 40 ముందు. నాకు 41 వచ్చేదాకా ఆగాను.

అక్క: ఏడాది పోరాను నీతో.

తమ్ముడు: భయం అక్కా. పరీక్ష అంటే కాదు, ఏం కనబడుతుందో అని. చివరికి మొన్న వేసవిలో వెళ్ళాను. నిజం చెప్పాలంటే కష్టమంతా ముందు రోజే. ఆ పౌడర్ కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగడం, బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరగడం.

అక్క: అక్కడే జనం తప్పు చేస్తారు. సగం తాగి మానేస్తారు. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు కనబడవు, మళ్ళీ రావాలి. రెండు మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, గింజలున్న పండ్లు ఆపాలి. తెల్లన్నం, పెరుగు ఫర్వాలేదు. ముందు రోజు కొబ్బరినీళ్ళు, పలచటి తేట ద్రవాలే. మజ్జిగ వద్దు. ఎర్రరంగు డ్రింకులు అసలొద్దు, లోపల రక్తంలా కనబడతాయి. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి.

తమ్ముడు: నాకు మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది. ఒక చిన్న పాలిప్ దొరికింది, తీసేశారు. బయాప్సీ రిపోర్ట్ వచ్చేదాకా టెన్షన్. అందులో క్యాన్సర్ లేదు, కానీ వదిలేస్తే కావచ్చిన రకమే. ఐదేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. కొలనోస్కోపీకి ఇప్పుడే మనసొప్పని వాళ్ళకి ఇంకో దారి ఉందా?

అక్క: ఇంట్లో ఎవరికీ లేక, లక్షణాలూ లేనివాళ్ళకి ఫిట్ అని మలపరీక్ష ఉంది. కంటికి కనబడని రక్తాన్ని పడుతుంది. ఏడాదికోసారి చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదు. నెగెటివ్ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయించుకునేవాళ్ళని చూశాను, అలా చేయకండి. రక్తం కళ్ళకే కనబడుతుంటే ఈ పరీక్షతో సరిపెట్టుకోకూడదు.

తమ్ముడు: తిండి గురించి అడగమని చాలామంది రాశారు.

అక్క: సిగరెట్, మందు మానాలి, పొట్ట పెరగనివ్వకూడదు, రోజూ నడవాలి. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాలు క్యాన్సర్‌కి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది. మన చోడి (రాగి) అంబలి, దంపుడు బియ్యం, పప్పులు మంచివి, వాటిలో పీచు ఉంటుంది. అయితే బీచ్ రోడ్డులో రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్ళకీ పాలిప్‌లు తీశాం. నడుస్తున్నాను కదా అని పరీక్ష మానొద్దు.

తమ్ముడు: అన్నయ్య సంగతి చెప్పు. ఆయనకి 46.

అక్క: నీ రిపోర్ట్ చూపించాక ఒప్పుకున్నాడు. వచ్చే బుధవారం. ఆదివారం నుంచే ఆకుకూర వండొద్దని వదినకి ఫోన్ చేసి చెప్పాను. మంగళవారం రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉంటాను, చివరి గ్లాసు తాగేదాకా.