బీరువా వెనక గోడ: అద్దె ఇంటిని ఓనరు ఎలా చూసుకోవాలి

[షాట్: ఫోన్‌లో తీసిన పాత వీడియో. పడకగదిలో బీరువాను ఇద్దరు పక్కకు జరుపుతున్నారు. వెనక గోడ మీద పెయింటు అప్పడంలా పొంగి ఉంది.]

నమస్కారమండీ. ఇది మా పై పోర్షన్. గోడ చూశారుగా, గోరు తగిలితే చాలు, పెచ్చులు పెచ్చులుగా రాలింది.

పోయిన వానాకాలంలోనే అద్దెకున్న అమ్మాయి చెప్పింది. "అంకుల్, బీరువా వెనక చెమ్మగా ఉంది, బట్టలు వాసన వస్తున్నాయి" అని. "వానలు తగ్గనీ అమ్మా, చూద్దాం" అన్నాను. తగ్గాక పెయింటర్‌ని పిలిచి పుట్టీ పెట్టించి రంగు వేయించా. సంక్రాంతికి మళ్లీ పొంగింది. సంక్రాంతికి వానలెక్కడివి? అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. ఇంకోసారి రంగు వేయించా.

[షాట్: అట్ట మీద గీసిన గోడ బొమ్మ. మూడు చోట్ల నీలం మరకలు.]

చెమ్మ ఎక్కడ మొదలైందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సీలింగ్ మూల నుంచి కిందికి దిగుతుంటే పైన స్లాబునో, పై ఇంటి బాత్రూమునో అనుమానించాలి. వానల్లో మాత్రమే, బయటి గోడకు, కిటికీ చుట్టూ కనిపిస్తే సన్‌షేడ్ దగ్గరో ప్లాస్టరింగ్‌లోనో పగులుంది. నేల దగ్గర మొదలై పైకి పాకుతూ, ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంటే? టైల్స్ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయి, లేదా గోడలో పైపు కారుతోంది. ఎండాకాలంలో కూడా ఆరకపోతే ముందు పైపునే చూడండి. మాది ఈ చివరి రకం. షవర్‌కు వెళ్లే పైపు మలుపు తిరిగే ఎల్బో దగ్గర సన్నగా కారుతోంది. దాని మీద నేను రెండుసార్లు రంగు కొట్టించాను!

ఒక చిన్న పని చెప్తాను. చెమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. రెండు వారాల తర్వాత తడి గీత దాటిందా లేదా చూడండి. ప్లంబర్ చెప్పేదానికంటే ఆ గీత చెప్పేదే నేను ఎక్కువ నమ్ముతాను.

[షాట్: మెట్లు ఎక్కుతున్న కాళ్లు. తలుపు దగ్గర ఆగాయి.]

ఇక్కడ ఆగుదాం. ఇల్లు మనదే అయినా లోపలున్నది వాళ్ల సంసారం. "అలా పైకొచ్చాను, ఓసారి చూసి పోదామని" అంటూ తలుపు కొట్టే అలవాటు చాలామంది ఓనర్లకు ఉంది. నాకూ ఉండేది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీని గురించి స్పష్టంగా ఉంది. మరమ్మతుకైనా తనిఖీకైనా కనీసం 24 గంటల ముందు తెలపాలి, కారణం, రోజు, సమయం చెప్పాలి, సూర్యోదయానికి ముందు గానీ సూర్యాస్తమయం తర్వాత గానీ వెళ్లకూడదు. అగ్నిప్రమాదం, వరద లాంటి అత్యవసరాలు వేరు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. మీ ఊళ్లో అమల్లో ఉన్నా లేకపోయినా పాటించడానికి ఖర్చేమీ లేదు కదా.

నేను పంపే మెసేజ్ ఇది.

[స్క్రీన్ మీద వాట్సాప్ మెసేజ్: "అమ్మా, ఆదివారం ఉదయం 11 గంటలకు ప్లంబర్‌తో వస్తాను. బాత్రూమ్, సింకు కింద, బాల్కనీ చూస్తాం. అరగంట పడుతుంది. వీలు కాకపోతే మీకు కుదిరే రోజు చెప్పండి."]

వెళ్లాక మంచం మీద మడత పెట్టని బట్టలు, ఫ్రిజ్‌లో ఏముందో, చుట్టాలు ఎంతమంది వచ్చారో మనకు అనవసరం. గోడలు, గొట్టాలు, వైర్లు చూసుకుని రావడమే.

ఎప్పుడు వెళ్లాలి? నేనైతే ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెళ్లాక దీపావళి దగ్గర ఇంకోసారి. ముందుది తప్పనిసరి. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, మన స్లాబు ఏపాటి! పగటి ఎండకు సాగి, రాత్రికి కుంచించుకుపోయి, సన్నటి పగుళ్లు వస్తాయి. అవి కనిపించేది అప్పుడే. తొలకరి పడ్డాక కనిపించేది కింద సీలింగ్ మీద మరక.

[షాట్: డాబా. వాన నీళ్లు పోయే గొట్టం నోటి దగ్గర ఎండుటాకులు, ఒక షాంపూ పొట్లం.]

డాబా మీద రెండు బకెట్లు నీళ్లు పోయండి. గొట్టం వైపు పారాలి. ఎక్కడైనా మడుగులా నిలిస్తే వాలు సరిగ్గా లేదని. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిచిందా చూడండి. తుంచితే సరిపోదు, మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా తీసి సందు పూడ్చాలి.

[షాట్: ఫ్లష్ ట్యాంకు మూత తీసి ఉంది.]

ఇది మా మనవడికి భలే ఇష్టమైన పరీక్ష. స్వీట్లలో వేసే కేసరి రంగు చిటికెడు ఫ్లష్ ట్యాంకులో కలపండి. ఫ్లష్ నొక్కకుండా ఓ ఇరవై నిమిషాలు ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయింది. చప్పుడు లేకుండా రాత్రంతా ట్యాంకు నీళ్లు పోతుంటాయి, "మీరు నీళ్లెక్కువ వాడుతున్నారు" అని మనం వాళ్లతో గొడవ పడుతుంటాం.

కరెంటు విషయంలో మాత్రం ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లండి. బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్చు, ఎంసీబీ, ఉందిగా అని ధీమా వద్దు. అది లోడు ఎక్కువైనప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పడిపోయేది. మనిషికి షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపి కాపాడే స్విచ్చు ఆర్‌సీసీబీ. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లది, అంటే అంత కరెంటు లీకైతే ఆగిపోయేది, వేస్తారు. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే మార్చేయాలి. నొక్కే ముందు లోపల ఎవరైనా వర్క్ ఫ్రం హోమ్‌లో ఉన్నారేమో అడగండి. నేను అడగలేదు, పాపం లోపల ఒక అబ్బాయి మీటింగ్‌లో ఉన్నాడు. మా హైదరాబాద్‌లో బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద సున్నం గట్టిగా పేరుకుంటుంది, అది కూడా అప్పుడే తీయించేస్తాను. గీజర్ ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో తప్పక చూపించండి.

ఇక ఖర్చు ఎవరిది? అదే నమూనా చట్టం పంచి పెట్టింది. వెల్ల, తలుపులు కిటికీల రంగు, పైపులు, వైరింగ్, నిర్మాణంలో వచ్చే మరమ్మతులు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజర్ రిపేరు, తలుపు గడియలు అద్దెకున్నవాళ్లవి. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకోవచ్చు. మా గీజర్ నేనే చూసుకుంటాను, అలా రాసుకున్నాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. నాలుగేళ్లు మనుషులు బతికిన గోడ మాయదా? నేను పట్టుకోవడం మానేశాను.

దీనికి తోడు, చేరే రోజున ఇల్లంతా వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగ్‌తో సహా వాళ్లకే వాట్సాప్‌లో పంపండి. అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. బావమరిది తాళం తీసి "అంతా బాగానే ఉంది బావా" అంటే సరిపోదు, సింకు కింద కెమెరా పెట్టమనండి.

[షాట్: మొదటి గోడ. పెన్సిల్ గీత, పక్కన "9వ తేదీ" అని రాసి ఉంది.]

పైపు మార్పించిన రోజు వేసిన గీత ఇది. ఇవాళ 23. తడి రెండు వేళ్లు లోపలికి తగ్గింది. పూర్తిగా ఆరేదాకా పెయింటర్‌కు ఫోన్ చేయను. అప్పటిదాకా బీరువా వాళ్ల హాల్లోనే ఉంటుంది, ఆ అమ్మాయి సరేనంది.