వజ్రం: పిడుగు, రాయి, జిగురు

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి నమస్కారం. ఈ వారం మన మాట ‘వజ్రం’. మాస్టారూ, కురుపాం మార్కెట్ నగల దుకాణాల నుంచి మొదలుపెడదామా?

మాస్టారు: మా నాన్నగారి కొట్టు నుంచి మొదలుపెడతానమ్మా. ఆయన వడ్రంగి. కుంపటి మీద మరిగే నీళ్లలో చిన్న గిన్నె నిలబెట్టి, అందులో గోధుమరంగు పలుకులు వేసేవారు. అవి కరిగి పాకంలా సాగేవి. ఆ వాసనకు మేం ముక్కు మూసుకునేవాళ్లం. దాన్ని ఆయన ‘వజ్రం’ అనేవారు.

వ్యాఖ్యాత: జిగురునా?

మాస్టారు: అవును, పశువుల తోలుతో, ఎముకలతో చేసే జిగురు. సరేసు అని కూడా అంటారు. అమ్మ ముక్కుపుడకలోని రాయికీ, ఈ కంపు జిగురుకూ ఒకే పేరేమిటని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ని. చాలా ఏళ్లకు వరాహమిహిరుడి బృహత్సంహితలో దారి దొరికింది. ఆరో శతాబ్దపు గ్రంథమది. గుడి గోడలకు, విగ్రహాలకు పట్టించే ‘వజ్రలేపం’ తయారీ అందులో ఉంది. పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు వంటివి నీళ్లలో వేసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. పశువుల కొమ్ములు, తోలు వేసే రకమూ చెప్పాడు. అది చదివి నాన్నగారి గిన్నె గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

వ్యాఖ్యాత: అంటే రాయి పేరు జిగురుకు వచ్చిందా?

మాస్టారు: రాయికీ అది అరువు పేరేనమ్మా! ఋగ్వేదంలో వజ్రమంటే దేవశిల్పి త్వష్ట చేసిచ్చిన ఇంద్రుడి ఆయుధం, అంటే పిడుగు; వృత్రుణ్ని కూల్చినది. పారశీకుల పవిత్ర గ్రంథం అవెస్తాలో ‘వజ్ర’ అంటే మిథ్రుడనే దేవుడి గద. దెబ్బకు పుట్టిన పేరు, తర్వాత అన్నిటికన్నా గట్టి రాయికి దక్కింది. గ్రీకుల ‘అడమాస్’ కూడా అంతే. లొంగనిదని అర్థం. మొదట గట్టి లోహాన్ని అలా పిలిచారు. డైమండ్ అందులోంచే వచ్చింది.

వ్యాఖ్యాత: మరి వజ్రం నిజంగా పగలదా?

మాస్టారు: మరో వజ్రంతో తప్ప మామూలుగా గీత పడదు. రాళ్ల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో దానిది 10, అన్నిటికన్నా పైమెట్టు. సుత్తి దెబ్బకు మాత్రం పగులుతుంది, దాని స్ఫటికం చీలే దిక్కులు నాలుగున్నాయి. దయచేసి ఎవరూ అలా పరీక్షించకండి.

వ్యాఖ్యాత: దీనికి తెలుగు మాట లేదా?

మాస్టారు: ఎందుకు లేదు? రవ్వ! రవ్వల దుద్దులు అంటాం కదా. నిప్పురవ్వ, ఉప్మారవ్వ, రవ్వంత... అన్నిటిలోనూ చిన్న తునకే ఉంది. నాకు ఈ మాటే ఎక్కువ ప్రాణం. వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి పడ్డాక జనం నేటికీ వంగి వెతుకుతారు. తడి మట్టిలో వాళ్ల కళ్లు వెతికేది ఓ రవ్వంత మెరుపునే.

వ్యాఖ్యాత: నాన్నగారు చేసినవి ఏమైనా మిగిలాయా?

మాస్టారు: ఒక ముక్కాలిపీట ఉంది. ఒక్క మేకు కూడా లేదు. రోజూ దాని మీదే కూర్చుని పేపరు చదువుతాను. అతుకు ఇంతవరకూ కదల్లేదు.